మార్కస్ బార్ట్‌లీ అంటే ఒక్క వెన్నెలేనా? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

కొత్తరీలు:
అందరికీ నమస్కారం. నేను షార్ట్ ఫిలిమ్స్‌కి కెమెరా చేస్తుంటాను, పెద్ద అనుభవం లేదు. ఈ మధ్య పాత తెలుగు సినిమాలు కెమెరా కోసమే చూడ్డం మొదలుపెట్టా. ఎక్కడ చదివినా కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ పేరు రాగానే "మాయాబజార్, లాహిరి లాహిరి, వెన్నెల" అనే మూడు ముక్కలు చెప్పి ఆపేస్తున్నారు. పాట చూశా, నిజంగానే మతిపోయింది. కానీ అంత పేరున్న మనిషి కెరీర్ మొత్తం ఒక్క పాటేనా అని డౌటు.

నా ప్రశ్నలు: ఆయన ఎక్కడ మొదలై ఎక్కడిదాకా వెళ్ళారు? ఆ వెన్నెల నిజం వెన్నెలేనా, కాకపోతే అలాంటిది ఆ రోజుల్లో ఎలా తీసేవారు? ఆయన పని అర్థం కావాలంటే ఏ సినిమాలు ఏ వరసలో చూడాలి? "అన్నీ చూడు" అని మాత్రం చెప్పకండి ప్లీజ్, ఆ సలహా నాకు ఇంట్లోనే దొరుకుతుంది.

పాతకాపు:
మంచి ప్రశ్న. ఒక్క పాటతో గుర్తుపెట్టుకోవడం మనకి అలవాటైపోయింది, ఆయనకి అది గౌరవమూ అన్యాయమూ రెండూ.

బార్ట్‌లీ ఆంగ్లో ఇండియన్. సినిమాల్లోకి రాకముందు పత్రికకి ఫొటోలు తీశారు, న్యూస్‌రీళ్ళకి (సినిమాహాళ్ళలో వేసే వార్తాచిత్రాలకి) పనిచేశారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. న్యూస్‌రీల్ వాడికి రెండో టేకు ఉండదు, దొరికిన వెలుతురులో, దొరికిన చోట నిలబడి తీసెయ్యాలి. అలాంటి చేతికి స్టూడియోలో కావలసినన్ని లైట్లు ఇస్తే ఏమవుతుందో తర్వాతి ఇరవై ఏళ్ళు తెలుగువాళ్ళు చూశారు.

తెలుగులో ఆయన్ని తెచ్చింది బి.ఎన్.రెడ్డి గారు, 1945లో వచ్చిన స్వర్గసీమకి. ఆ తర్వాత కె.వి.రెడ్డి గారితో యోగివేమన, గుణసుందరి కథ. 1950లో నాగిరెడ్డి-చక్రపాణి గార్లు విజయా సంస్థ పెట్టి షావుకారు తీసినప్పుడు కెమెరా ఈయనదే. ఆ తర్వాత లిస్టు చూడండి: పాతాళ భైరవి, పెళ్ళిచేసి చూడు, చంద్రహారం, మిస్సమ్మ, మాయాబజార్, అప్పుచేసి పప్పుకూడు, జగదేకవీరుని కథ, గుండమ్మ కథ. మన ఇళ్ళల్లో మూడు తరాలుగా డైలాగులతో సహా వల్లెవేస్తున్న సినిమాలు ఇవే కదా, అన్నిటికీ కెమెరా వెనకాల ఉన్నది ఒక్క మనిషి. తెలుగు రాని ఆంగ్లో ఇండియన్ అని కొందరు రాస్తుంటారు, ఆయనకి తెలుగు ఎంతొచ్చో మనకెందుకు, తెలుగు ముఖాలు మాత్రం బాగా చదివాడు.

ఒక జాగ్రత్త. మల్లీశ్వరి కూడా ఈయనదే అనుకుంటారు చాలామంది, కాదు. దానికి ఆది ఇరానీ, బి.ఎన్.కొండారెడ్డి గార్లు. ఆ కాలంలో మద్రాసులో గొప్ప కెమెరామెన్ ఒక్కడే లేడు. మనం గుర్తుపెట్టుకున్నది ఒక్కణ్ణి, అంతే.

ఏ వరసలో చూడాలి అన్నారు కదా. నన్నడిగితే మాయాబజార్‌తో మొదలుపెట్టకండి. మిస్సమ్మతో మొదలుపెట్టండి. ఎందుకో తర్వాత రాస్తా, ఇప్పుడు డ్యూటీకి టైమైంది.

లైట్‌మీటర్:
వెన్నెల సంగతి నేను చెప్తా. కెమెరా డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్‌గా చేశాను కాబట్టి పద్ధతి తెలుసు. ఫలానా షాట్ ఫలానా రోజు ఫలానా లైటుతో తీశారని నేను చెప్పలేను, ఎవరైనా అంత ఖచ్చితంగా చెప్తే కాస్త అనుమానించండి. కానీ ఆ రోజుల్లో బ్లాక్ అండ్ వైట్‌లో వెన్నెల ఎలా తీసేవారో అందరికీ తెలిసిన పద్ధతే.

ముందు ఒక లెక్క. పౌర్ణమి నాటి వెన్నెల ఎండ కంటే దాదాపు 4 లక్షల రెట్లు తక్కువ వెలుతురు. ఇప్పటి డిజిటల్ కెమెరాకే కష్టం, అప్పటి ఫిలిమ్‌కైతే చీకటే. కాబట్టి నిజం వెన్నెలలో తీసే ప్రశ్నే లేదు. రెండు దారులుంటాయి.

ఒకటి, ఔట్‌డోర్‌లో పట్టపగలు తీసి రాత్రిలా చూపించడం. సూర్యుడు నటుల వెనకాల ఉండేలా చూసుకుని కెమెరాని ఎండకి ఎదురుగా తిప్పుతారు, అప్పుడు నీళ్ళ మీద తళుకు వస్తుంది, మనుషుల జుట్టు చుట్టూ, భుజాల మీద సన్నటి వెలుగు గీత వస్తుంది. ఎక్స్‌పోజర్, అంటే ఫిలిమ్ మీద పడే వెలుగు, తగ్గిస్తారు. లెన్స్ ముందు ఎర్ర ఫిల్టర్ పెడితే నీలం ఆకాశం నల్లబడిపోతుంది. ఇంతవరకు ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. అసలు తలనొప్పి తర్వాత వస్తుంది. ఎర్ర ఫిల్టర్ పెట్టగానే ఎర్రటి పెదాలు తెల్లగా పాలిపోతాయి, మొహం పిండిబొమ్మలా అవుతుంది, దానికి తగ్గట్టు మేకప్ మార్చాలి. ఆకాశంలో మబ్బులుంటే ఇంకో గొడవ. సూర్యుడు కదిలిపోతుంటాడు కాబట్టి ఉదయం తీసిన షాటుకీ మధ్యాహ్నం తీసినదానికీ తళుకు కలవదు.

రెండోది స్టూడియోలో. ఎత్తు మీద వెనక నుంచి ఒక గట్టి లైటు, అదే చంద్రుడు. ముందు నుంచి చాలా తక్కువ మెత్తటి వెలుగు, మొహం కనపడేంత మాత్రమే. ఈ ముందు వెలుగు వెంట్రుకవాసి ఎక్కువైతే స్టేజి నాటకం, తక్కువైతే హీరోయిన్ కనపడదని నిర్మాత గోల. పౌరాణికంలో కిరీటాలూ నగలూ కూడా ఉంటాయి, ప్రతి ముత్యం ఒక చిన్న అద్దమే, వెనక లైటు తగిలితే కళ్ళు చెదిరేలా కొడుతుంది, వాటిని మందగించడానికి మైనమో ఏదో పూసి మెరుపు చంపాలి.

లాహిరి లాహిరిలో నాకు గొప్పగా అనిపించేది చంద్రుడు కాదు. దూరంగా పడవ కనిపించే షాట్లూ, దగ్గరి మొహాలూ ఒకే రాత్రిలో ఒకే నది మీద ఉన్నట్టు ఉంటాయి. వేరేవేరే రోజుల్లో వేరేవేరే వెలుగులో తీసిన ముక్కల్ని ఒకే రాత్రిలా కలపడమే పని. మానిటర్ లేదు, ఏం వచ్చిందో తెలియాలంటే నెగెటివ్ ల్యాబ్‌కి వెళ్ళి కడిగి ప్రింట్ వచ్చేదాకా ఆగాలి. అంటే బార్ట్‌లీ వెలుగు కొలిచే మీటర్ చూసి, కళ్ళు చికిలించి, తలలో ప్రింట్ వేసుకునేవాడన్నమాట. ఇప్పుడు మనం హిస్టోగ్రామ్ (వెలుగు ఎక్కడెంతుందో కెమెరాలోనే చూపించే గ్రాఫ్) చూసి కూడా తప్పు చేస్తున్నాం.

కొత్తరీలు:
అన్నా, థాంక్స్. ముత్యాల సంగతి అసలు తట్టనే లేదు. మరి ట్రిక్ షాట్లు? ఘటోత్కచుడు, ప్రియదర్శిని పెట్టె, అవి కూడా ఆయనవేనా?

లైట్‌మీటర్:
ప్రియదర్శిని లాంటివి ఆ రోజుల్లో ఎక్కువగా కెమెరాలోనే చేసేవారు. ఫ్రేములో కొంత భాగాన్ని నల్ల మాస్కుతో మూసేసి మిగతాది తీస్తారు. తర్వాత ఫిలిమ్‌ని అంతే ఫ్రేములు వెనక్కి తిప్పి, ఈసారి తీసిన భాగాన్ని మూసి, మూసిన భాగంలో వేరే దృశ్యం తీస్తారు. కెమెరా కదిలిందా, రెండు బొమ్మల మధ్య గీత వణుకుతుంది. లెక్క తప్పిందా, పెట్టెలో బొమ్మ ముందే నవ్వుతుంది, శశిరేఖ తర్వాత చూస్తుంది. రెండుసార్లలో ఏ ఒక్కదాంట్లో తప్పు జరిగినా మొదటిది కూడా పోయినట్టే, నెగెటివ్ ఒక్కటే కదా. మాయమవడాలూ, ఒకరు ఇంకొకరుగా మారడాలూ అయితే కెమెరా ఆపి, మనుషుల్ని మార్చి, మళ్ళీ తిప్పడమే. వినడానికి పిల్లలాట. లైటు ఆ మధ్యలో ఒక్క పిసరు మారినా బండారం బయటపడుతుంది.

సందేహాల్రావు:
మీరంతా ఒక మనిషికి గుడి కట్టేస్తున్నారు, కాస్త ఆగండి.

మాయాబజార్‌లో ప్రతి షాటూ కె.వి.రెడ్డి గారి ప్లానింగ్. ఏ సీను ఎంతసేపు ఉండాలో ముందే తూచి లెక్కవేసుకునే దర్శకుడు. సెట్లు గోఖలే, కళాధర్ గార్లవి. ద్వారకని సూక్ష్మ నమూనాగా కట్టి తీశారు, ఆ నమూనా అంత పనితనంతో లేకపోతే ఏ లైటు వేసినా బొమ్మరిల్లులాగే ఉండేది. ఇక వివాహ భోజనంబు గుర్తుండిపోయిందంటే ఎస్వీ రంగారావు గారి కడుపూ ఆయన కళ్ళూ కారణం. మాయా శశిరేఖలో ఘటోత్కచుడు కనపడుతున్నాడంటే అది సావిత్రి గారి నడక, ట్రిక్కు కాదు. ఇన్ని చేతులు పడ్డ సినిమాలో ఒక్కరికి దండ వేస్తే మిగతావాళ్ళ సంగతేంటి?

ఇంకో మాట. తెలుగులో ట్రిక్ ఫొటోగ్రఫీ అంటే బార్ట్‌లీ ఒక్కడే కాదు. సీతారామ కల్యాణం (1961) చూడండి, రవికాంత్ నగాయిచ్ కెమెరా. తర్వాత హిందీకి వెళ్ళి దర్శకుడై ఫర్జ్ తీశాడు. ఆయన పేరు ఇక్కడ ఎంతమందికి తెలుసు?

పాతకాపు:
సందేహాల్రావు గారూ, నగాయిచ్ పేరు ఎత్తినందుకు సంతోషం. మీరు చెప్పినదాంట్లో చాలావరకు ఒప్పుకుంటా. కానీ మీ వాదనే నాకు పనికొస్తుంది చూడండి.

విజయాలో పద్ధతేంటి? నటులనీ సాంకేతిక నిపుణులనీ నెల జీతాల మీద పెట్టుకున్న సంస్థ అది. అదే దర్శకులు, అదే కళాదర్శకులు, అదే కెమెరా, అదే స్టూడియో ఫ్లోరు. గోఖలే గారు గోడకి ఏ రంగు వేస్తే అది నలుపు-తెలుపులో ఏ బూడిద అవుతుందో బార్ట్‌లీకి ఏళ్ళ తరబడి తెలుసు. బార్ట్‌లీ లైటు ఎక్కడి నుంచి వస్తుందో గోఖలే గారికి తెలుసు కాబట్టి కిటికీ అక్కడే పెడతారు. మొక్కకి నీళ్ళూ ఎండా ఎవరిదెంత అని విడదీయలేం. అందుకే బార్ట్‌లీ కెరీర్ గురించి మాట్లాడితే విజయా సంస్థ గురించి మాట్లాడినట్టే. ఇవాళ సినిమాకో టీమ్, షెడ్యూలుకో యూనిట్. అలాంటి చోట ఈ రకం కెరీర్ కట్టుకోవడం ఎవరివల్లా కాదని నా అభిప్రాయం, తిట్టుకోండి పర్లేదు.

ఇప్పుడు మిస్సమ్మ ఎందుకన్నానో చెప్తా. కొత్తరీలు, మీకే ఇది. మిస్సమ్మలో మాయలు లేవు, మంత్రాలు లేవు. ఒక జమీందారు ఇల్లు, ఉద్యోగం కోసం మొగుడూపెళ్ళాలుగా నటించే ఇద్దరు, చుట్టూ నవ్వులాట. హాస్యం పండాలంటే మనిషి మొత్తం కనపడాలి, పక్కవాడి రియాక్షన్ కూడా అదే ఫ్రేములో కనపడాలి. రేలంగి గారు అలా చెయ్యి తిప్పితే తెగిపోకూడదు. అంటే కెమెరా కాస్త వెనక్కి జరగాలి, నలుగురైదుగురు మనుషులకీ సమంగా వెలుగుండాలి, అయినా బొమ్మ చప్పగా ఉండకూడదు. చీకట్లో గీత వెలుగు వేసి "ఆహా" అనిపించుకోవడం కంటే ఇది కష్టం. సావిత్రి గారు నిలబడ్డ చోట వెనక గోడ ఎంత బూడిదగా ఉందో, ఆమె జుట్టు అందులో కలవకుండా ఎలా విడిపోయిందో చూడండి. పొరపాటున కూడా మీ కళ్ళు లైటు వైపు వెళ్ళవు, అదే లైటింగ్. అదే సినిమాలో రావోయి చందమామ కూడా ఉంది, మీ వెన్నెల మోజు అక్కడ తీరుతుంది. (చందమామ పత్రిక నడిపేవాళ్ళే సినిమా తీస్తే చంద్రుడు లేకుండా ఎట్లా ఉంటుంది లెండి.)

సందేహాల్రావు:
సరే, ఆ గోడ బూడిద మాట నచ్చింది. గుడి అక్కర్లేదు గానీ చిన్న అరుగు కట్టండి, కూర్చుంటా.

సన్నజాజి:
నేను ఇక్కడ ఎక్కువ రాయను కానీ ఒకటి అడగాలని ఉంది. 2010లో రంగులద్ది రిలీజ్ చేసిన మాయాబజార్ చూసి మా పిల్లలు చాలా సంతోషపడ్డారు, నలుపు-తెలుపు అయితే పది నిమిషాలు కూర్చునేవాళ్ళు కాదు. మరి మీలాంటివాళ్ళు దాన్ని తిడుతుంటారు. అంత తప్పా?

లైట్‌మీటర్:
తప్పని అననండీ. పిల్లలు చూశారంటే అదే పదివేలు. సౌండ్ బాగుచేశారు, గీతలు తీసేశారు, అదంతా కష్టపడి చేసిన పని. కానీ కెమెరా నేర్చుకునేవాళ్ళు మాత్రం ఆ వెర్షన్ చూసి బార్ట్‌లీ గురించి ఏమీ అనుకోకూడదు. రెండు కారణాలు. ఆయన లైటింగ్ అంతా నలుపుకీ తెలుపుకీ మధ్య మెట్ల మీద కట్టింది, ఏది ముందు ఏది వెనక అనేది ఆ మెట్లే చెప్తాయి. దాని మీద రంగు వేస్తే ఆ పని రంగు చేసేస్తుంది, కన్ను ముందు పట్టుచీర మీదికి పోతుంది, మొహం మీదికి తర్వాత వస్తుంది. రెండోది, పాత సినిమా దాదాపు చతురస్రానికి దగ్గరగా ఉండే తెర కోసం తీసింది, రంగుల వెర్షన్‌ని వెడల్పాటి స్కోప్ తెరకి మార్చారు. అంటే పైనా కిందా కోత పడుతుంది. కిరీటం పైన ఎంత ఖాళీ వదలాలో ఆలోచించి పెట్టిన మనిషి ఫ్రేముని కోసేస్తే ఆయన ఫ్రేమింగ్ గురించి ఏం మాట్లాడతాం?

పిల్లలకి రంగులది, మీకు నలుపు-తెలుపుది. గొడవ లేదు.

కొత్తరీలు:
రంగు మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా, ఆయన అసలు కలర్‌లో పనిచేశారా? మన నలుపు-తెలుపు మాస్టర్లు చాలామంది కలర్ రాగానే తేలిపోయారంటారు. అవార్డులేమైనా వచ్చాయా?

పాతకాపు:
ఇదే నాకు ఆయన కెరీర్‌లో అన్నిటికంటే ఇష్టమైన భాగం, తెలుగువాళ్ళు ఎక్కువ పట్టించుకోనిది కూడా.

1965లో మలయాళంలో చెమ్మీన్ వచ్చింది, రాము కరియత్ దర్శకుడు. మత్స్యకారుల కథ, కేరళ తీరంలో, ఈస్ట్‌మన్ కలర్‌లో. కెమెరా మార్కస్ బార్ట్‌లీ. ఇన్నేళ్ళు స్టూడియో ఫ్లోరులో చంద్రుణ్ణి కూడా తాడు కట్టి వేలాడదీసిన మనిషి, ఒక్కసారిగా సముద్రం ముందు నిలబడ్డాడు. అక్కడ సూర్యుణ్ణి జరపమంటే జరగడు. అల మళ్ళీ అదే చోటికి రాదు. ఇసుక మీద ఎండ కింద నుంచి మొహాల మీదికి కొడుతుంది, నల్లటి వొళ్ళు ఉన్న మనుషులు తెల్లటి ఇసుక ముందు నిలబడితే ఎక్స్‌పోజర్ ఎవరికి పెట్టాలి? కలర్ ఫిలిమ్‌కి నలుపు-తెలుపంత ఓపిక లేదు, ఆ రోజుల్లో మరీను. ఇక్కడ న్యూస్‌రీల్ రోజుల చెయ్యి మళ్ళీ పనికొచ్చిందని నా నమ్మకం, ఆయన అలా చెప్పాడని కాదు, సినిమా చూస్తే నాకలా అనిపిస్తుంది. ఆ ఏడాది ఉత్తమ చిత్రంగా రాష్ట్రపతి స్వర్ణపతకం దానికే. దక్షిణాది సినిమాకి ఆ పతకం రావడం అదే మొదటిసారి. సంగీతం సలీల్ చౌదరి, ఎడిటింగ్ హృషీకేశ్ ముఖర్జీ. ఎక్కడెక్కడి వాళ్ళో ఒక చేపల పల్లె దగ్గర కలిశారు.

తర్వాత 1967లో హిందీ రామ్ ఔర్ శ్యామ్, మన రాముడు భీముడు కథే, నిర్మాత నాగిరెడ్డి గారు, దర్శకుడు తాపీ చాణక్య గారు. కలర్‌లో దిలీప్ కుమార్ ద్విపాత్రాభినయం. ఇద్దరు దిలీప్‌లూ ఒకే ఫ్రేములో ఉన్నప్పుడు లైట్‌మీటర్ గారు చెప్పిన మాస్కు గొడవ గుర్తుచేసుకోండి, దానికి రంగు కూడా కలపండి.

అవార్డు అడిగారు. 1969లో వచ్చిన తమిళ సినిమా శాంతి నిలయానికి కలర్ విభాగంలో ఉత్తమ ఛాయాగ్రహణానికి జాతీయ అవార్డు వచ్చింది. "మాయాబజార్‌కి ఇవ్వకుండా దానికిచ్చారా" అని కొంతమంది వాపోతుంటారు. ఆ వాపోవడంలో అర్థం లేదు, జాతీయ అవార్డుల్లో కెమెరా విభాగమే 1967 సినిమాల నుంచి మొదలైంది. మాయాబజార్ వచ్చిన 1957లో ఆ అవార్డే లేదు, ఇంక ఎవరికిస్తారు?

సందేహాల్రావు:
ఈ ఒక్క ముక్క ముందే చెప్పుంటే నేను రెండు పోస్టులు తక్కువ రాసేవాణ్ణి. ఏటా ఎవరో ఒకరు ఈ ఏడుపు మొదలుపెడతారు.

కొత్తరీలు:
అందరికీ చాలా థాంక్స్. అయితే నా వరస ఇది: మిస్సమ్మ, తర్వాత పాతాళ భైరవి, తర్వాత నలుపు-తెలుపు మాయాబజార్, ఆఖర్న చెమ్మీన్. ఏమైనా వదిలేశానా?

లైట్‌మీటర్:
గుండమ్మ కథ కలుపు. నలుగురు పెద్ద స్టార్లు ఒక ఇంట్లో తిరుగుతుంటారు, ప్రతివాళ్ళ అభిమానులూ "మా వాళ్ళని తక్కువ చూపించారు" అనకుండా లైటు పంచాలి. అది కూడా ఒక విద్యే, ఏ పుస్తకంలోనూ ఉండదు. ఇంకోటి, మొదటిసారి సౌండ్ తీసేసి చూడు. పాటలూ డైలాగులూ నోటికొచ్చిన సినిమాలు కాబట్టి సౌండ్ ఉంటే నువ్వు కెమెరా చూడవు, కూడా పాడతావు.

పాతకాపు:
సౌండ్ తీసేసి గుండమ్మ కథా? సూర్యకాంతం గారి నోరు మూసెయ్యగలిగింది నువ్వొక్కడివేనయ్యా. నేనైతే రెండోసారికి తీస్తా.